నలభై ట్యూబుల హంతకుడు

"ఈ యూనివర్సిటీలో నాలుగొందల మంది ప్రొఫెసర్లున్నారు. మెదడు మాత్రం ఒక్కటే ఉంది. అది స్టోర్స్‌లో పనిచేస్తోంది," అన్నాడు భూతద్దం.

నేను బీకర్లు కడుగుతున్నాను. కడుగుతూనే ఉన్నాను.

"ఏమీ అనవేంరా?"

"ఏమనాలి?"

"ఎవరిదా మెదడు అని అడగాలి."

"ఎవరిది?"

"నాదే!" అని సింకు అంచు మీద చెయ్యి చరిచాడు. అక్కడ సబ్బు నీళ్ళున్నాయి. మొహం తుడుచుకోవడానికి నా తువ్వాలు తీసుకున్నాడు.

భూతద్దం మా స్టోర్స్ కీపరు. జీవశాస్త్ర విభాగంలోకి దూది ఉండ రావాలన్నా, అక్కణ్ణించి ఖాళీ సీసా బయటికి పోవాలన్నా అతని కిటికీ దాటాల్సిందే. అది పొట్టకూటి కోసం చేసే పని. అసలు వృత్తి అపరాధ పరిశోధన అంటాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం పెట్టుకుంటాడు గనుక ఆ పేరు. దానికి నిలువునా పగులుంది. అతను ఇంతకాలం పరిశోధించింది ఆ పగులునే అని మావాళ్ళ వేళాకోళం.

పోయినేడాది స్టోర్స్ నిచ్చెన పోయింది. మూడు రోజులు వెతికాడు. అటక మీద కూడా వెతికాడు. అటక ఎలా ఎక్కావని నేనడిగాక నిచ్చెన దొరికింది. ఆ కేసు తానే ఛేదించానని ఇప్పటికీ చెబుతాడు. నేను కాదనను. నేను ల్యాబుల గాజుసామాను కడిగేవాణ్ణి. ఇరవై రెండేళ్ళుగా ఇద్దరం పక్కపక్క గదుల్లో ఉంటున్నాం. మధ్యాహ్నం డబ్బాలు కలిసే విప్పుకుంటాం.

ఆ పూట అతనికంత హుషారు రావడానికి కారణముంది. మేడమీద ఎవరో ఏడుస్తున్నట్టు వినిపించింది. కాసేపటికి ఆ ఏడ్చిన మనిషే కిందికి దిగి మా గదిలోకి వచ్చింది. పిహెచ్‌డి చేస్తున్న అమ్మాయి. నన్ను బాబాయ్ అంటుంది. బోర్లించిన బకెట్ మీద కూర్చుంది.

"మళ్ళీ పాడైపోయాయట బాబాయ్. మూడోసారి."

సంగతి ఇది. మా ప్రొఫెసరు గారూ, ఊరికి ఆ చివరనున్న వైద్య విశ్వవిద్యాలయం డాక్టరు గారూ కలిసి ఒక పరిశోధన తలపెట్టారు. కలిసి అంటే సంతకాల రోజున కలిశారు. ఒకరికొకరు పూలగుత్తులిచ్చుకుని ఫోటో దిగారు. ఆ తర్వాతంతా ఉత్తరాలే. పసిపిల్లలకు వచ్చే ఒక కాలేయం జబ్బును, అది ముదరకముందే, రెండు చుక్కల నెత్తుట్లోని ఆర్‌ఎన్‌ఏ చూసి పసిగట్టాలని వాళ్ళ ప్రయత్నం. నెత్తురు అక్కణ్ణించి వస్తుంది. మా అమ్మాయి అందులోంచి ఆర్‌ఎన్‌ఏ తీసి, పరీక్షకని రవ్వంత మా ఫ్రీజర్లో దాచి, మిగతాదంతా పొడి ఐసులో పెట్టి అక్కడికి పంపుతుంది. ఇక్కడ దాచినదాన్ని పరీక్షిస్తే శుభ్రంగా ఉంటుంది. అక్కడికి చేరింది మాత్రం చేరేసరికే నాశనం.

మీ మిషను పాడైందని మా సారు రాశారు. మీ పిల్లకు పని రాదని వాళ్ళు రాశారు. ప్రతి ఉత్తరం "గౌరవనీయులైన మిత్రులకు" అని మొదలయ్యేది. రెండో వాక్యం నుంచి గౌరవమూ ఉండేది కాదు, మిత్రత్వమూ ఉండేది కాదు.

"గురువారం పంపే నలభై ట్యూబులే ఆఖరట," అంది అమ్మాయి. "ఆ నలభైమంది పిల్లల నెత్తురు ఇంక లేదు. అవీ పాడైతే ఒప్పందం రద్దు. నా నాలుగేళ్ళూ గంగపాలు. మళ్ళీ మొదలెట్టడానికి నాకు సీటు కూడా ఉండదు బాబాయ్, ఇంటికి పొమ్మంటారు."

టీ గ్లాసు ఆమెవైపు జరిపాను.

భూతద్దం గొంతు సవరించుకున్నాడు. నోటుపుస్తకం తీశాడు.

"ఏం జరిగిందో ఒక్క అక్షరం దాచకుండా చెప్పమ్మాయ్."

"ఆర్‌ఎన్‌ఏ అంతా ముక్కలు ముక్కలైపోయింది సార్."

"ముక్కలా! ఎన్ని?"

"లెక్కపెట్టలేం సార్."

"అంత కసా!" అని రాసుకున్నాడు. "హతుడికి శత్రువులెవరైనా ఉన్నారా?"

"దానికి లోకమంతా శత్రువులే. వేడి, దుమ్ము, ఉమ్ము. అన్నిటికన్నా మనిషి చెయ్యి. మన చర్మం మీద ఒక ఎంజైము ఉంటుంది. అది తగిలిందంటే చాలు, నమిలి పారేస్తుంది. గ్లవ్స్ లేకుండా మేం ఆ ట్యూబుల జోలికే పోం."

"ఎంజైము," అని భూతద్దం ఒత్తి రాసుకున్నాడు. "మారుపేరై ఉంటుంది. ఒంటరిగా పనిచేస్తాడా, ముఠా ఉందా?"

అమ్మాయి నావైపు చూసింది. నేను బీకరు వైపు చూశాను.

"ఇది నెత్తురు గడ్డకట్టే నేరం!"

"గడ్డకట్టదు సార్. గడ్డకట్టకుండా మందు కలిపే పంపుతారు," అంది అమ్మాయి. ఆ రోజు మొదటిసారి నవ్వింది. కళ్ళింకా తడిగానే ఉన్నాయి.

విచారణ మొదలైంది. ముందు మా ప్రొఫెసరు గారి గదికి వెళ్ళాడు. ఆయన తలుపు మూయించి, గొంతు తగ్గించి చెప్పారట: "ఇది అవతలివాళ్ళ కుట్రేనయ్యా. వ్యాసం మీద మొదటి పేరు నాదా, ఆయనదా అన్నది ఇంకా తేలలేదు. అందుకే ఇదంతా." ఒక కమిటీ వేస్తానని కూడా అన్నారు. ఆ కమిటీ మొదటి సమావేశం వచ్చే నెల పదిహేనున. నలభై ట్యూబులు వెళ్ళేది ఈ గురువారం.

తర్వాత వ్యాను డ్రైవరును పట్టుకున్నాడు. ట్యూబుల పెట్టె అవతలికి తీసుకెళ్ళేది అతనే. భూతద్దం టేపుతో వ్యాను చక్రాలు నాలుగూ కొలిచి, స్టెప్నీ కూడా కొలిచి, ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"పోయిన గురువారం పదకొండున్నరకి నువ్వెక్కడున్నావ్?"

"మీ కిటికీ ముందే కదన్నా. పెట్టె నా చేతికిచ్చింది మీరేగా."

"మాట మార్చకు! ఎంతసేపూ ఈల వేస్తుంటావ్, ఎవరికి సైగ?"

"సైగేంటన్నా! హారన్ పాడైంది. కొత్తది కావాలని మీకు కాగితం పెట్టి ఆరు నెలలైంది."

భూతద్దం నా చెవి దగ్గరికి వచ్చాడు. "చూశావా, ఎంత తొణక్కుండా జవాబిస్తున్నాడో! అమాయకుడైతే తడబడేవాడు."

"తడబడితే?"

"తడబడితే దొరికిపోయినట్టే కదరా."

ఇక డ్రైవరు తప్పించుకునే దారేదీ నాకు కనిపించలేదు.

గురువారం వచ్చింది. తొమ్మిదింటికి స్టోర్స్ కిటికీ మూసి ఉంది. పదకొండుకి నాకు మందుసీసా ఒకటి కావలసి కోల్డ్ రూమ్ తలుపు తీశాను. లోపల, డ్రమ్ముల వెనక, ఒక మీసం వణుకుతోంది.

"తలుపెయ్యి," అంది మీసం. "కాపు కాస్తున్నాను. హంతకుడు నలభై ట్యూబుల కోసం ఇక్కడికే వస్తాడు."

"ట్యూబులు మేడమీది ఫ్రీజర్లో ఉన్నాయి."

డ్రమ్ముల వెనక పళ్ళు టకటకా కొట్టుకున్నాయి.

"ఈ ముక్క రెండు గంటల ముందు చెప్పకూడదట్రా?"

బయటికి లాక్కొచ్చాను. మొహం నీలంగా ఉంది. నా తువ్వాలు తల చుట్టూ, ముక్కు మీదుగా చుట్టాను. వేళ్ళు పుల్లల్లా బిగుసుకుపోయి, కణుపుల దగ్గర చర్మం చిట్లింది. సరిగ్గా అప్పుడే అమ్మాయి థర్మకోల్ పెట్టె పట్టుకుని దిగింది. నలభై ట్యూబులూ పొడి ఐసులో సర్ది, పైన టేపు వేసి తెచ్చింది. భూతద్దాన్ని చూసి పెట్టె కిటికీ మీద పెట్టేసి పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో, ఏంటి సార్ ఇది! ఇలా ఇవ్వండి చేతులు." రెండు చేతులకూ వాసెలిన్ దట్టంగా పూసింది. కోటు జేబులోంచి కొత్త గ్లవ్స్ తీసి తొడిగింది. "ఇవుంటే కాగితాలకి అంటదు. సాయంత్రం దాకా తియ్యకండి."

ఆమె పైకి వెళ్ళిపోయింది. బయట డ్రైవరు ఈల వేశాడు.

"విన్నావా, సైగ!" అంటూ భూతద్దం లేచాడు. వేళ్ళు మాట వినడం లేదు. "పెట్టె లోపలికి తేరా, కాస్త సాయం పట్టు."

ఇరవై రెండేళ్ళలో నేను ఆ కిటికీ లోపలివైపు నిలబడటం అదే మొదలు. ఎవర్నీ రానివ్వడు. పెట్టె బల్ల మీద పెట్టాను. అమ్మాయి వేసిన టేపును కత్తితో సర్రున చీరేశాడు. ట్యూబుల అర బయటికి తీశాడు. మొదటి ట్యూబు మూత బొటనవేలితో టప్పున లేపాడు. లోపలికి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ బొటనవేలితోనే నొక్కి మూసి, రెండోది అందుకున్నాడు.

"ఏం చేస్తున్నావ్?"

"తనిఖీ. గేటు దాటే ప్రతి మూతా తెరిచి చూడాలి. రూలు."

"ఎవరు పెట్టారు?"

"నేనే. నిండువి దాచేసి ఖాళీవి పంపితే? నా కళ్ళు గప్పి ఒక్క చుక్క బయటికి పోదు."

"ఎప్పట్నించి?"

"ఒప్పందం అయిన రోజు నుంచి. పైన మన టేపు, మన ముద్ర. లోపల ఏం చూశామో ఒక్కడికీ తెలీదు. రహస్య తనిఖీ అంటే అదిరా." వణుకుతూ మూతలు లేపుతూనే ఉన్నాడు. "ఇవాళ వాసన కూడా తెలిసి చావడం లేదు, నీ తువ్వాలొకటి. ఈ దరిద్రపు రబ్బరొకటి, పట్టే దొరకడం లేదు."

పళ్ళతో గ్లవ్ కొస పట్టుకుని లాగబోయాడు.

అతని మణికట్టు గట్టిగా పట్టుకున్నాను.

"ఏంట్రా?"

"వాసెలిన్," అన్నాను.

"అవునవును, కాగితాలకి అంటుతుంది," అన్నాడు.

నలభయ్యో మూత పడేదాకా నేనక్కడే నిలబడ్డాను. నా చేతులు రెండూ జేబుల్లోనే ఉంచుకున్నాను. పెట్టె వ్యానెక్కాక మేడ మీదికి వెళ్ళి, చూసింది చూసినట్టు అమ్మాయికి చెప్పాను.

"గ్లవ్స్ ఉన్నాయా?"

"ఉన్నాయి."

"ముక్కుకి?"

"నా తువ్వాలు."

స్టూలు మీద కూలబడింది. "మా పెట్టె మీద ముద్ర మాత్రమే వేస్తారనుకున్నాను బాబాయ్. ఒక్కరోజు కూడా అడగలేదు," అంది.

"సారుతో చెబుతావా?"

"చెబితే ఇంకో కమిటీ వేస్తారు. ఫలితం రానీ."

ఆ నాలుగు రోజులూ ఆమె సరిగ్గా తిన్నది లేదు. నా చేతిలో రెండు ఫ్లాస్కులు పగిలాయి.

సోమవారం ఉత్తరం వచ్చింది. నలభైకి నలభై ట్యూబులూ చెక్కుచెదరకుండా ఉన్నాయట. తమ మిషను బాగుచేయించడం వల్లే ఇది సాధ్యమైందని డాక్టరు గారు రాశారు. తన హెచ్చరిక వల్లే సాధ్యమైందని మా ప్రొఫెసరు గారు జవాబు రాశారు. ఇంకో మూడు విడతలు పంపాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. అమ్మాయి ఉత్తరం నకలు పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఈసారి ఏడుపు వేరు.

కిందికి వచ్చేసరికి భూతద్దం తన నివేదికకు గుండుసూది గుచ్చుతున్నాడు. పైకి చదివి వినిపించాడు.

"నిందితుడు: వ్యాను డ్రైవరు. మారుపేరు: ఎంజైము. నేను ప్రాణాలకు తెగించి కోల్డ్ రూమ్‌లో కాపు కాసినందువల్ల బెదిరిపోయి ఈ వారం నేరం మానుకున్నాడు. ఇతణ్ణి వెంటనే ఉద్యోగంలోంచి తీసెయ్యవలసిందిగా…"

"సార్," అంది అమ్మాయి. "అది పంపకండి."

"జాలిపడకమ్మాయ్. వాడికి ఇద్దరు పిల్లలున్నారని నాకూ తెలుసు. కానీ న్యాయం…"

"డ్రైవరు ఏ ట్యూబూ ముట్టుకోలేదు సార్. మూత తీసింది మీరు."

ఆమె మెల్లగా, ఒక్కొక్క మెట్టే చెప్పింది. చర్మం, ఎంజైము, మూత, బొటనవేలు. మూడుసార్లు వట్టి చేతులు, మూడుసార్లూ నాశనం. నాలుగోసారి గ్లవ్స్. ఎక్కడా గొంతు పెంచలేదు. భూతద్దం అడ్డు రాలేదు.

చివరికి జేబులోంచి భూతద్దం తీసి తన బొటనవేలు చూసుకున్నాడు. అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"అయితే నేనేనా?"

ఆమె తలూపింది.

"నీ చదువు పోయేదేనా అమ్మాయ్, నా వల్ల?"

"పోలేదుగా సార్."

నివేదికను నాలుగు మడతలు పెట్టి చింపాడు. ముక్కలు చెత్తబుట్టలో వేసి, దాని ముందే నిలబడ్డాడు. నాకు బాధేసింది. నేను దగ్గరికి వెళ్ళేలోపే అతని వెన్ను నిటారైంది.

"మూడు నెలలు," అన్నాడు. "మూడు నెలలు నా పక్కనే తిరిగాడు. నా డబ్బాలోనే తిన్నాడు. ఒక్క ఆధారం మిగల్చలేదు. ఏం బుర్రరా వాడిది!"

"ఎవరిది?" అన్నాను.

"హంతకుడిది! అట్లాంటివాణ్ణి పట్టుకోవాలంటే ఎవరివల్ల అవుతుంది? చలిలో రెండు గంటలు కూర్చుని, వాడి చేతులకు గ్లవ్స్ పడేలా చేసిందెవరు?"

అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నువ్వే," అన్నాను.

తర్వాతి గురువారం అమ్మాయి పెట్టె దింపింది. భూతద్దం కిటికీకి ఆరడుగుల దూరంలో గోడకు ఆనుకుని, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. టేపు చీరలేదు. ముద్ర నన్నే వెయ్యమన్నాడు. వేశాను.

డ్రైవరు ఈల వేసుకుంటూ వచ్చి పెట్టె భుజానికెత్తుకున్నాడు.

"ఏంటన్నా, ఇవాళ పెట్టె మీరివ్వరా? చేతులకేమైంది?"

"మాట్లాడకుండా పెట్టె తీసుకుపో," అన్నాడు భూతద్దం. "నిందితులు అదుపులో ఉన్నారు."