చిన్న బండ ఎలా నింపకూడదు

హుసేనప్ప తన భార్య మారెమ్మ ప్రయాణానికి సంచి సర్దుతుండగా వీధిలోకి మైకు ఆటో వచ్చింది.

"ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత ప్రజలకు శుభవార్త. గౌరవనీయులైన మంత్రివర్యుల ఆశీస్సులతో 'ఇంట్లో నింపొద్దు' మహోద్యమం నేటి నుంచి ప్రారంభం. చిన్న గ్యాస్ బండలను ఇంట్లో ఎలా నింపకూడదో పది ఊళ్లలో స్వయంగా నింపి చూపించబడును. ప్రదర్శించువారు మాస్టర్ ట్రైనర్ శ్రీమతి మారెమ్మ మేడం గారు."

ఆ మేడం గారు గడప పక్కన కూర్చుని మజ్జిగ పోసుకున్న సంగటి తింటోంది. తన పేరు వినబడగానే చెయ్యి ఆగింది. ఆటో మలుపు తిరిగేదాకా ఆగి, "మేడం అంటే నేనేనా?" అని మొగుణ్ణి అడిగింది.

హుసేనప్ప సర్దుతూనే ఉన్నాడు. సంచిలో తువ్వాలు పెట్టాడు, బొరుగుల పొట్లం పెట్టాడు, అన్నిటికన్నా అడుగున కాలిన గాయాలకు రాసే మలాము ట్యూబు పెట్టాడు. అపశకునం అనిపించి బయటికి తీశాడు. తీశాక ఇంకా భయమేసి మళ్లీ పెట్టాడు. ఆ పైన శాఖవారు ఇచ్చిన యూనిఫారం చీర పెట్టాడు. పాలిస్టరు చీర. ఒళ్లంతా చిన్న బండల బొమ్మలు, ఒక్కో బొమ్మ మీద ఎర్రని అడ్డగీత. ముద్రణలో ఏదో తేడా వచ్చి కొంగు మీద మాత్రం ఆ గీతలు పడలేదు. అందుచేత ముందు నుంచి చూస్తే మారెమ్మ వద్దంటున్నట్టూ, వెనక నుంచి చూస్తే కానివ్వండి అంటున్నట్టూ ఉండేది.

ఇంతటి గౌరవం ఆ ఇంటికి ఊరికే రాలేదు.

హుసేనప్ప స్టవ్వులు బాగుచేస్తాడు. చుట్టుపక్కల మెట్టపల్లెల వాళ్లు సుగ్గికి, అంటే మిరపకాయ కోతలకు గుంటూరు దిక్కు, పిల్లాజెల్లాతో వలస పోయే రోజుల్లో అతని ఇంటి ముందు చిన్న బండలు బారులు తీరేవి. ఏజెన్సీకి పోతే అడ్రసు కాగితం అడుగుతారు. పరాయి చేలో వేసుకునే ప్లాస్టిక్ పట్టా గుడిసెకు అడ్రసు ఎక్కడ నుంచి వస్తుంది? అందుకని పెద్ద బండలో ఉన్న గ్యాసును చిన్న బండలోకి ఎక్కించి ఇచ్చేవాడు. అది తప్పని అతనికి తెలుసు. నాలుగేళ్ల కిందట ఆ పనిలోనే ఎడమ కనుబొమ్మ కాలిపోయింది, మళ్లీ మొలవలేదు. ఆనాటి నుంచి పైపు చేతికి తీసుకున్న ప్రతిసారీ మారెమ్మను వీధి చివరి యేసేపు టీ బంకు దాకా పంపించేవాడు. గ్యాసు వాసన వస్తే ఆమెకు తల తిరుగుతుంది. ఆ పనిలో మారెమ్మ సంపాదించిన అనుభవమంతా టీ బంకు బల్ల మీద కూర్చున్న అనుభవమే.

జనవరిలో ఒక ఉదయం గృహ ఇంధన జాగృతి విభాగం ప్రత్యేకాధికారి వీరభద్రయ్య గారు ఆ ఇంటికి దయచేశారు. ఆయన కార్యదక్షత గురించి రెండు మాటలు చెప్పాలి. చిన్న బండల ప్రమాదం మీద ఆయన నలభై ఒక్క స్లైడ్లు సొంతంగా తయారు చేయించారు. వాటిని ఊరూరా చూపించారు. కరెంటు లేని ఊళ్లలో నోటితో వర్ణించి చెప్పారు. "జనం కదిలారా?" అని సమీక్షలో మంత్రిగారు అడిగితే, "కదిలారు సార్, మూడో స్లైడుకే లేచిపోయారు" అని ఉన్నదున్నట్టు మనవి చేసుకున్న నిజాయితీపరుడు. ఇక స్లైడ్లు కాదు, కళ్లముందు జరిగితేనే జనానికి ఎక్కుతుందని అక్కడే తీర్మానమైంది. జరిపి చూపించే మనిషి కోసం వెతుకుతూ వెతుకుతూ ఆయన ఈ వీధికి చేరారు.

వాకిట్లో పదకొండు చిన్న బండలు చూసి ఆయన ముఖం వికసించింది. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందని అడిగారు.

"మా ఇంటిదాని పేరు మీద సార్. ఆడోళ్ల పేరు మీదనే గదా ఇస్తారు."

"అయితే నేరం కూడా ఆమెదే."

"నింపేది నేను సార్. దానికి ఆ పైపు ఏ పక్క పట్టుకోవల్లో గూడా తెల్దు."

వీరభద్రయ్య గారు బాధపడ్డారు. "ప్రభుత్వం స్త్రీని ఇంటి యజమానురాలిగా గుర్తించింది. ఆఖరికి నేరం కూడా ఆమెకు దక్కనివ్వకుండా నువ్వే లాక్కుంటానంటే ఎలాగయ్యా? ఎన్ని వందల ఏళ్ల నుంచి జరుగుతోందిది?"

ఆ తర్వాత ఆయన రెండు దారులు చూపించారు. ఒకటి, మారెమ్మ పేరు మీద కేసు, ఆరు నెలలకు తక్కువ కాకుండా జైలు. రెండోది, పశ్చాత్తాపం పొందిన మహిళగా పది ఊళ్లలో ప్రదర్శన. పదో ఊరు పూర్తయిన మర్నాడు కేసు మూసేసినట్టు కాగితం చేతికిస్తారు. ఆమెకు బదులు తాను వస్తానని హుసేనప్ప బతిమాలాడు. దగ్గరికి వంగి కనుబొమ్మ లేని చోటు చూపించాడు. అర్హత కనబడుతూనే ఉందనీ, కానీ నిధులు మహిళా విభాగం కింద వచ్చాయనీ, ప్రదర్శన జరిగేటప్పుడు మగవాళ్లు వేదికకు ముప్పై అడుగుల లోపలికి రాకూడదనీ వీరభద్రయ్య గారు వివరించారు.

మారెమ్మ ఒకే ప్రశ్న అడిగింది. "పది ఊర్లు తిరిగితే నన్ను జైలుకు పంపరు గదా సారూ?"

"పంపం. సన్మానిస్తాం."

అలా ఆమె మాస్టర్ ట్రైనర్ అయింది.

మొదటి ప్రదర్శన ఎమ్మిగనూరులో. ముందు రోజు సాయంత్రం హుసేనప్ప ప్రదర్శనకు పెట్టే పెద్ద, చిన్న బండలు రెండింటినీ ఊరి బయటికి తీసుకుపోయి, గాలికి నిలబెట్టి, చుక్క మిగలకుండా ఖాళీ చేసి తెచ్చాడు. అవి ఖాళీవన్న సంగతి ఇక అతనికీ, మారెమ్మకూ, ఆ బండలకూ తప్ప ఎవరికీ తెలియదు. వేదిక మీద ఆమె పైపు తగిలించినట్టు చేసింది. గ్యాసు పోయే చప్పుడు కావాలి కదా, మైకు దగ్గరికి నోరు పెట్టి "స్‌స్‌స్" అంది. ముప్పై అడుగుల అవతల అడ్డం కట్టిన తాడు పట్టుకుని నిలబడ్డ హుసేనప్పకు ఆ చప్పుడు వింటే ప్రాణం కుదుటపడింది. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒక ముసలమ్మ లేచి, "ఇంగోసారి మెల్లగ సెయ్యి తల్లీ, ఆ పైపు యాడ దొరుకుతాది?" అని అడిగింది. వీరభద్రయ్య గారు దాన్ని 'ప్రజల నుంచి అపూర్వ స్పందన' అని రాసుకున్నారు.

పైపు ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు రెండో ఊరికల్లా సమాధానం దొరికింది. అధికార పక్షం కార్యకర్త ఈరన్న వేదిక వెనకాలే అంగడి తెరిచాడు. 'నిషేధిత పైపులు. కేవలం అవగాహన కొరకు' అని ఫ్లెక్సీ కట్టాడు. ప్రజల్లో ఎంత అవగాహన ఉందో కొలవడానికి అంతకు మించిన సాధనం శాఖ దగ్గర లేదు కాబట్టి, ఎన్ని పైపులు పోయాయో అన్ని కుటుంబాలు చైతన్యవంతమైనట్టు నివేదికలో రాశారు. అయిదో ఊరు కృష్ణగిరికి వచ్చేసరికి చైతన్యం లక్ష్యాన్ని దాటిపోయింది. అంతకు ముందు ఇళ్లలో నింపడం తెలియని ఊళ్లలో కూడా ఇప్పుడు ఎలా నింపకూడదో ఇంటింటికీ వచ్చు.

మారెమ్మలో కూడా మార్పు వచ్చింది. తలెత్తి నడవడం నేర్చుకుంది. ఏడో ఊరి నుంచి వచ్చిన రోజు స్టవ్వు ముందు కూర్చుని నవ్వుతూ, "పుట్టి యాభై ఏండ్లాయ, ఎవురూ నా దిక్కు సూసి సప్పట్లు కొట్టిండ్లేదప్పా" అంది. హుసేనప్ప కూడా నవ్వాడు. ఇంకా మూడు ఊళ్లు ఉన్నాయని మనసులో లెక్క పెట్టుకుంటూ నవ్వాడు.

పదో ఊరు హాలహర్వి. దానికి మంత్రిగారు స్వయంగా వస్తున్నారని తెలిసింది. మంత్రి వస్తే మూడు మార్పులు జరుగుతాయి. టీవీవాళ్లు వస్తారు. హుసేనప్ప బండలకు బదులు శాఖకు పట్టుబడిన బండల్లోంచి నిండువి తీసి పెడతారు, ఎందుకంటే కెమెరా ముందు అంతా సహజంగా ఉండాలి. మూడోది, కార్యక్రమానికి ముందు జ్యోతి ప్రజ్వలన ఉంటుంది.

హుసేనప్ప ఆఫీసుకు పరిగెత్తాడు. వాకిట్లో చెప్పులు విడిచి, ఇన్నాళ్లూ దాచిన నిజం చెప్పేశాడు. తొమ్మిది ఊళ్లలోనూ బండలు ఖాళీవి, చప్పుడు మారెమ్మ నోటిది.

వీరభద్రయ్య గారు తొమ్మిది ఊళ్ల నివేదికలూ ఒక్కొక్కటిగా తిరగేశారు. తర్వాత, "ఖాళీ బండతో చెబితే ఖాళీ అవగాహనే వస్తుందయ్యా. ఎంత ద్రోహం చేశావు" అన్నారు.

"పోనీ దీపమన్నా వద్దనండి సార్. ఆ పక్క గ్యాసు, ఈ పక్క దీపం."

"మంత్రిగారి కార్యక్రమంలో దీపం లేకుండానా? అశుభం."

"ఎలిగిచ్చి ఆర్పేయండి సార్."

"వెలిగించిన దీపం ఆర్పడం ఇంకా అశుభం." ఆయన నిమిషాల వారీ కార్యక్రమ పత్రం తీసి చూపించారు. దీపం పదకొండు అయిదుకు, ప్రదర్శన పదకొండు ఇరవైకి. రెండింటికీ మధ్య పదిహేను నిమిషాల భద్రత ఉందన్నారు.

ఇంటికి వచ్చి హుసేనప్ప మారెమ్మను పోవద్దన్నాడు. ఇద్దరం కలిసి ఈ పూటే సుగ్గికి పోయేవాళ్లతో బండి ఎక్కుదామన్నాడు. మారెమ్మ అప్పుడే ఆ చీర ఉతికి దండెం మీద ఆరేస్తోంది.

"ఈ ఒక్క ఊరు అయిపోతే కాయితం ఇస్తాడు. పారిపోతే నీ మీద గూడా రాస్తాడప్పా. నువ్వు జైల్లో నేల మీద కూసోలేవు, మోకాళ్ల నొప్పి."

"నిజం గ్యాసు మారెమ్మా. వాసనొస్తే నీకు తల తిరుగుతాది."

"ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటాలే. కాయితం తెచ్చినంక నువ్వు ఆ పని ఇడిసిపెట్టు. స్టవ్వులు సేసుకుంటే సాలు మనకి."

బుధవారం పొద్దున హుసేనప్ప ఆమెను బస్సెక్కించాడు. మాస్టర్ ట్రైనర్‌కు బస్సు, బండలకు శాఖ జీపు. అతను కూడా ఎక్కబోతే ఈరన్న భుజం మీద చెయ్యి వేశాడు. మళ్లీ బండలు మార్చేస్తాడేమోనన్న అనుమానంతో అతన్ని ఆదోని ఆఫీసులోనే కూర్చోబెట్టమని సారు చెప్పారట. పట్టుబడిన మిగతా బండలకు హుసేనప్ప కాపలా, హుసేనప్పకు ఈరన్న కాపలా. పోలీసు జీపు కూడా ఆఫీసు వాకిట్లోనే ఉంది.

పదకొండు గంటలకు ఈరన్న తన ఫోను టేబులు మీద నిలబెట్టి లైవు పెట్టాడు. "సూడన్నా, వదిన ఎట్లుందో. మంత్రి కుర్చీ పక్కనే నిలబడింది." మారెమ్మ నిజంగానే నిలబడింది. కెమెరా ఎక్కడుందో తెలియక అన్ని దిక్కులకూ ఒక్కొక్కసారి నమస్కారం పెడుతోంది.

మంత్రిగారు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. అయిదు వత్తులూ వెలిగించారు. మహిళ తలుచుకుంటే ప్రమాదం దరిచేరదని ఒక్క వాక్యం చెప్పారు. బళ్ళారిలో ఎవరిదో పెళ్లి ముహూర్తం మించిపోతోందని వేదిక దిగారు. వీరభద్రయ్య గారు కారు దాకా సాగనంపడానికి వెనకే దిగారు. తాసిల్దారు దిగారు, టీవీవాళ్లు దిగారు. కార్యక్రమ పత్రం ప్రకారం ప్రదర్శన టైము దాటిపోయింది కనుక మైకులో మారెమ్మ మేడం గారిని ప్రారంభించమన్నారు. కెమెరా మంత్రిగారి వెంట పోయింది. తెర మీద తెల్ల కారూ, దండలూ కనబడుతున్నాయి. వేదిక కనబడటం లేదు, వినబడుతోంది.

మైకులో "స్‌స్‌స్" అని చప్పుడు వచ్చింది. సన్నగా, తెగకుండా, ఊపిరి తీసుకోకుండా వస్తోంది. హుసేనప్ప కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ చప్పుడు మనిషి నోటిది కాదు.

ఫోను తెర తెల్లగా అయి, తర్వాత నల్లగా అయింది.

"సిగ్నల్ పోయిందన్నా" అన్నాడు ఈరన్న.

మర్నాటి పత్రికా ప్రకటనలో వివరాలన్నీ ఉన్నాయి. మహోద్యమం దిగ్విజయంగా ముగిసింది. ఇంట్లో గ్యాసు నింపితే ఏం జరుగుతుందో హాలహర్వి ప్రజలు కళ్లారా చూసి సంపూర్ణ అవగాహన పొందారు. మంత్రిగారు అప్పటికే బయలుదేరినందున క్షేమం. ప్రదర్శకురాలిని మెరుగైన వైద్యం కోసం బళ్ళారికి తరలించారు. పది ఊళ్లలోనూ ఇంత సహజంగా జరిగిన ప్రదర్శన మరొకటి లేదని పరిశీలకులు అభిప్రాయపడ్డారు.

నెల తర్వాత హుసేనప్ప కాగితం కోసం ఆఫీసుకు పోయాడు. వీరభద్రయ్య గారికి విజయవాడకు ప్రమోషను వచ్చింది, ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. గుమాస్తా ఉమాదేవి అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, జనవరి రిజిస్టరు మొదటి నుంచి చివరి దాకా వెతికింది. ఫిబ్రవరిది కూడా వెతికింది.

"పెద్దాయనా, మీ ఇంటామె పేరు మీద కేసే లేదు. ఎవురూ రాయనే లేదు. లేని కేసు మూసినట్టు కాయితం ఎట్లియ్యాల?"

ఇంకొక్కసారి చూడమని హుసేనప్ప అడిగాడు. ఆమె చూసింది. లేదు.

మారెమ్మ ఫిబ్రవరి పదకొండో తేదీ బుధవారం పొద్దున ఏడున్నర బస్సుకు ఆదోని నుంచి హాలహర్వికి పోయింది. తిరిగి రాలేదు.