ఒక్క సాయంత్రంలో అయిపోయే ఆట

కొన్న వస్తువు కొన్న రోజే అయిపోతే అంతకు మించిన అదృష్టం లేదు. నవ్వకండి! నేను సీరియస్‌గానే రాస్తున్నాను.

సబ్బు త్వరగా అరిగిపోతే బాధ. చెప్పు త్వరగా తెగిపోతే బాధ. వీడియో గేమ్ మాత్రం ఎంత త్వరగా అయిపోతే మనిషికి అంత మేలు. ఈ మధ్య జనానిది ఒకటే గోల. ఇలా డౌన్‌లోడ్ చేశాం, అలా అయిపోయింది, ఇదెక్కడి అన్యాయం అని! నాకు తెలియక అడుగుతాను, అయిపోవడమే అన్యాయమైతే మా ఆఫీసు మీటింగులను ఏమనాలి?

ఈ పత్రిక ఎడిటర్ గారు నాకు అలాంటి ఆట ఒకటి అప్పగించారు. పేరు 'గుమ్మడి దండు'. ఆడి, గుణదోషాలు రాసి పంపమన్నారు. "చిన్నదేనయ్యా, ఒక్క సాయంత్రం పని" అని భరోసా కూడా ఇచ్చారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేను. అప్పగించిన పని సగంలో వదిలేసే అలవాటే ఉంటే ఆ డిగ్రీ వచ్చేదే కాదు. అందుకే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని మరీ ఆటకు కూర్చున్నాను.

ముందు కథ చెప్పాలి కదా. హాలోవీన్ అనే రాత్రి పిల్లలు రకరకాల వేషాలు వేసుకుని ఇంటింటికీ వెళ్ళి తలుపు కొడతారు, పెద్దవాళ్ళు మిఠాయి పెడతారు. ఈ ఆటలో ఆ రాత్రి నిజం దయ్యమే వచ్చి ఊళ్ళోని ఇంటి నంబర్లన్నీ ఎత్తుకుపోతుంది. ఇక పిల్లల్లో ఎవరికీ తన ఇల్లేదో తెలియదు! మిఠాయి సంగతి దేవుడెరుగు, "ఇది మా ఇల్లేనా అండీ?" అని ప్రతి తలుపూ కొట్టాల్సిందే. కొన్ని తలుపుల వెనక మిఠాయి ఉంటుంది. కొన్నింటి వెనక దయ్యాలుంటాయి. చిట్టచివరి తలుపు వెనక ఏముందో మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. ఆటకు ప్రాణం అదే.

గుణాల్లో మొదటిది వేషాలు. అట్టపెట్టె తొడుక్కున్న పిల్ల యుద్ధం రాగానే పెద్ద కోటగా మారిపోతుంది. దుప్పటి కప్పుకున్న బుడతడు మేఘమై ఉరుముతాడు. తల మీద బకెట్ బోర్లించుకున్నవాడు సేనాపతి! మన దగ్గర ఎంత ఇస్త్రీ చొక్కా వేసుకున్నా మేనేజర్ కంటికి మనం ట్రైనీగానే కనిపిస్తాం. ఏది గొప్ప లోకమో మీరే చెప్పండి.

రెండోది వంతు. ఇందులో యుద్ధమంతా వంతులవారీగా సాగుతుంది. ఏం చేయాలో మనం ఆలోచించుకునేంతసేపూ దయ్యం కోరలు బయటపెట్టి, గోళ్ళు చాచి, అలాగే నిలబడి ఉంటుంది. ముందుకు రాదు. మధ్యలో మాట్లాడదు. ఎంత సంస్కారం! నా మాట పూర్తయ్యేదాకా ఆగిన జీవిని నేను చూడటం అదే మొదటిసారి. ఆ దయ్యానికి మనసులోనే నమస్కారం పెట్టి ఆ తరవాతే కొట్టాను.

ఇక దోషాలు. ఈ ఆటను ఎక్కడ పడితే అక్కడ సేవ్ చేయడం కుదరదు. వీధి మొత్తం పూర్తిచేస్తేనే సేవ్ అవుతుంది. మధ్యలో లేచారా, వీధి మొదటికి రావలసిందే. దీన్ని జనం తిడుతున్నారు. నేను మెచ్చుకుంటున్నాను! దీనివల్ల మొదటి వీధితో నాకు ఏర్పడిన అనుబంధం అంతా ఇంతా కాదు. అక్కడ ఏ కుక్క ఎప్పుడు మొరుగుతుందో, ఏ ముసలాయన ఏ కిటికీలోంచి తొంగిచూస్తాడో నాకు కంఠతా వచ్చు. మా సొంత వీధిలో ఎదురింటివాళ్ళు ఎప్పుడు ఖాళీ చేశారో తెలియదు గానీ!

ఒక్క సాయంత్రం ఆటలో మొదటి వీధే కంఠతా రావడమేమిటని మీకు అనుమానం రావచ్చు. చెబుతాను.

మొదటి సాయంత్రం. అట్టపెట్టె పిల్ల కోటగా మారుతోంది. నాన్న పిలిచారు. ఆయన తాళాలు బాగుచేస్తారు, ముందు గదే ఆయన కొట్టు.

"ఒరేయ్, ఈ ఫోనేదో ఒప్పుకోమంటోంది. ఒప్పుకోమంటావా?"

"ఏమని ఉంది నాన్నా?"

"ఏమనుందో తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను? చదువుకున్నోడివి కదా, రా!"

వెళ్ళాను. చదివాను. ఒప్పుకున్నాను. తిరిగొచ్చేసరికి కరెంటు పోయింది.

మరో సాయంత్రం బావ వచ్చాడు. వాషింగ్ మెషీన్ బట్టల్ని మింగి తలుపు తెరవట్లేదట.

"నాకేం తెలుసు బావా?"

"డిగ్రీ చేశావుగా?"

"నేను చేసింది చరిత్ర."

"అయితే ఇంకా మంచిది. మాది పాత మెషీనేలే, పద."

ఇంకో సాయంత్రం పక్కింటి ప్లంబర్ బాబాయి తన మోకాలి ఎక్స్‌రే పట్టుకొచ్చి దీపానికి అడ్డంగా పెట్టాడు. "డాక్టరు తొందరలో ఏదో చెప్పాడు, ఎక్కలేదు. నువ్వు నిదానంగా చెప్పు" అన్నాడు. నిదానంగానే చూశాను. "ఎముకే బాబాయ్" అని ధైర్యం చెప్పి పంపాను. ఆయన వెళ్తూ వెళ్తూ మా అమ్మతో, "చదువంటే ఇదమ్మా, డాక్టరైతే ఇంత ఓపిగ్గా చూడలేదు" అన్నాడట. అమ్మ ఆ రోజంతా నేల మీద నడవలేదు.

చూశారా? మరి అరవై గంటల ఆటలు ఆడేవాళ్ళు ఎవరు? వాళ్ళ ఇళ్ళలో అందరూ చదువుకున్నవాళ్ళే అయి ఉండాలి! ఒకరి ఫోను ఒకరు ఒప్పుకుంటూ హాయిగా బతుకుతూ ఉండాలి. ఇంటికి ఒక్కడే పట్టభద్రుడైన నాలాంటివాళ్ళ కోసమే దయగల కంపెనీలు పొట్టి ఆటలు చేస్తున్నాయి.

ఇన్ని రోజుల్లో నా పక్కన కూర్చుని ఆటంతా చూసింది నానమ్మ ఒక్కతే. చిన్న ముక్కాలి పీట వేసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చునేది.

"ఎవరి పిల్లలురా వీళ్ళు? చీకటిపడ్డాక ఇలా ఊరి మీద పడితే తల్లులేం చేస్తున్నారు?"

"బొమ్మలు నానమ్మా."

"బొమ్మలకి మాత్రం చలెయ్యదా? ఆ దుప్పటి పిల్లోడే నయం. అవునూ, ఇది ఆఫీసు పనేనా?"

"పత్రిక పని. ఇది పూర్తిచేసి రాసివ్వాలి."

"అయ్యో రామ! రోజూ కూర్చుంటున్నావు, రోజూ లేస్తున్నావు. ఎప్పుడు తెములుతుందిరా నాయనా ఈ పని?"

ఆమెకున్న బెంగ ఎడిటర్ గారికి కూడా లేదు!

విమర్శకులు చూపే మరో దోషం, యుద్ధాలు మరీ తేలిక అని. స్క్రీన్ మూలన ఉన్న గుమ్మడికాయ మీద నక్షత్రం మెరవగానే బటన్ నొక్కాలి. అంతే. మెరిసింది, నొక్కాం, దయ్యం పడింది. వ్యూహం లేదు, ఎత్తు లేదు, పైఎత్తు లేదు. నేను దీన్నీ గుణంగానే లెక్కవేశాను. ఆఫీసులో రోజంతా బుర్ర పిండుకుని వచ్చినవాడికి ఇంట్లో కూడా వ్యూహాలు దేనికండీ? దోమను కొట్టడం వచ్చినవారెవరైనా ఆడగలిగే ఆట. ఆడించేవాడి పెద్దమనసు అది!

ఎట్టకేలకు, కిందపడి మీదపడి, చివరి వీధి దాకా చేరాను. ఆ వీధిలో ఉన్నది ఒకటే ఇల్లు, ఒకటే తలుపు. పిల్లలందరూ దాని ముందు నిలబడ్డారు. బకెట్ సేనాపతి చెయ్యెత్తాడు. సరిగ్గా అప్పుడు అక్క ఫోన్ చేసింది, వాళ్ళ టీవీలో బొమ్మ తలకిందులుగా వస్తోందని.

ఆ వారమంతా నాకు అదే ధ్యాస. ఆఫీసులో ఫైల్ తెరిచినా ఆ తలుపే, లిఫ్ట్ తెరుచుకున్నా ఆ తలుపే. దాని వెనక ఏముంది? మిఠాయా? మహా దయ్యమా? పోయిన నంబర్లా? నేను పెద్ద పెద్ద కోరికలు కోరే మనిషిని కాను. ఆ తలుపు నా చేత్తో నేను తెరవాలి, అంతే.

అందుకే ఆదివారం సాయంత్రం నాకు సెలవు కావాలని ఇంటిల్లిపాదికీ ముందుగానే చెప్పుకున్నాను. ప్రపంచం తలకిందులైనా నన్ను పిలవొద్దన్నాను. అందరూ తలలూపారు. అమ్మయితే నా గది బయట కాపలా కూర్చుంటానంది.

ఆదివారం ఆట పెట్టాను. చివరి వీధి వచ్చింది. కంట్రోలర్ చేతిలోకి తీసుకున్నాను. అమ్మే తలుపు తోసింది!

"నిన్ను పిలవట్లేదురా. నాన్న దగ్గరికి ఎవరో బటన్ల తాళం తెచ్చారు, అదేమో ఇంగ్లీషులో మాట్లాడుతోంది. పిలవట్లేదు, ఊరికే చెబుతున్నా."

నాన్న తాళం ముందు నిస్సహాయంగా నిలబడి ఉంటే నేను దయ్యాల ముందు కూర్చోగలనా? కంట్రోలర్ మంచం మీద పెట్టి వెళ్ళాను. ఆ తాళం అడిగిన దానికల్లా జవాబు చెప్పి, దాన్ని శాంతింపజేసి వచ్చేసరికి బాగా ఆలస్యమైంది.

గదిలో పాట వినిపిస్తోంది. ఎన్నడూ వినని పాట. స్క్రీన్ మీద పేర్లు కింది నుంచి పైకి వెళ్తున్నాయి. మంచం మీద నానమ్మ, ఒళ్ళో కంట్రోలర్, మొహంలో చెప్పలేనంత తృప్తి.

"వచ్చావా! నీ పని కానిచ్చేశాన్రా. నక్షత్రం మెరిసినప్పుడల్లా నొక్కడమేగా. పాపం, ఇంటెడు మందికీ నువ్వే చేసి పెడుతున్నావు, నీకు చేసిపెట్టే దిక్కు లేకపోయిందని కూర్చున్నా."

నేను మంచం అంచున కూర్చున్నాను. "తలుపు తెరిచావా నానమ్మా?" అన్నాను.

"తెరవకపోతే ఎలా తెములుతుంది?"

"వెనక ఏముంది?"

"ఏదో ఉంది. పెద్దదే. కళ్ళజోడు పెట్టుకోలేదు."

"పోనీ అది ఏమంది?"

"కింద అక్షరాలు బోలెడొచ్చాయి. అవి చదవడం వస్తే నాకు నీతో పనేముందిరా?"

"చివరికేమైంది?"

"అవడానికేముంది? పిల్లలు ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. ప్రాణం కుదుటపడింది."

కోప్పడదామంటే చెయ్యి లాగి నా తల నిమిరింది. నాకు ఊహ తెలిశాక ఈ ఇంట్లో ఒకరు నా పనిని తన నెత్తిన వేసుకుని పూర్తిచేయడం అదే మొదటిసారి! నా చేత్తో నేనే చేయాలనుకున్నది ఆ ఒక్క పనేనని ఎలా చెప్పను?

ఎడిటర్ గారూ, ఇంతవరకు రాసినదంతా వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఆట మరీ చిన్నది. వచ్చేసారి దయచేసి పెద్ద ఆట పంపండి. ఎంత పెద్దదంటే, మా నానమ్మ ఒక్క సాయంత్రంలో నా మీద ప్రేమతో ముగించలేనంత పెద్దది.

అదే ఆట మళ్ళీ మొదటి నుంచి ఆడుకోవచ్చు కదా అంటారా? నేనూ అదే అనుకుని, మొదటి వీధికి వెళ్దామని బటన్ మీద వేలు పెట్టాను. ముందు గదిలోంచి నాన్న గొంతు వినిపించింది.

"నీ పని అయిపోయిందటగా, నానమ్మ చెప్పింది! ఇక ఖాళీయేగా, ఇలా రా!"