టోకెన్ లేని దండం

భగవంతుడు సర్వాంతర్యామి అన్న సంగతిని ఆలయ రద్దీ క్రమబద్ధీకరణ విభాగం ఏనాడూ ఖండించలేదు. ఆయన పనివేళలు నిర్ణయించిందంతే.

ఇది తెలియని లిఫ్టు మెకానిక్ ఒకడు ఉదయం పదీ పదికి ఆ గుడి మెట్లెక్కాడు. పదకొండింటికి అతని అక్కకి గుండె ఆపరేషన్. తల్లి పోయాక అతన్ని చంకనెత్తుకు పెంచిన అక్క. కబురందగానే బయల్దేరాడు గానీ, దారిలో ఈ ఊళ్లో మారాల్సిన బస్సు పదకొండున్నరకి. స్ట్రెచర్ మీద నుంచి ఆమె ఫోన్లో కోరింది ఒక్కటే: "నన్ను లోపలికి తీసుకెళ్లేలోగా నా పేరున ఎక్కడైనా పూజ చేయించరా తమ్ముడూ."

మూడో కౌంటర్లో గుమాస్తా అతని ఫోన్ నంబరు రాసుకుని, తలెత్తకుండా అడిగాడు.

"స్థానికులా, యాత్రికులా?"

"బస్సు మారడానికి దిగానండీ."

"ఫారంలో ఆ గడి లేదు." (గడి లేకపోవడం భక్తుడి తప్పు కాదని విభాగం ఉదారంగా ఒప్పుకుంటుంది. టోకెన్ మాత్రం ఇవ్వదు.)

చివరికి యాత్రికుడయ్యాడు.

"కోరిక ఎవరికోసం?"

"మా అక్కకి. ఆపరేషన్ ఉంది."

"ఆవిడొచ్చి వేలిముద్ర వెయ్యాలి."

"ఆస్పత్రిలో ఉందండీ!"

"ఆపరేషన్ అయ్యాక రమ్మనండి."

"అయ్యాక ఇంకేం కోరాలండీ?"

"అప్పుడది కృతజ్ఞత కిందికొస్తుంది. ఐదో కౌంటర్."

ఐదో కౌంటర్లో కృతజ్ఞతకి కోరిక టోకెన్ నంబరు అడిగారు. అప్పటికి పదీ నలభై. మెకానిక్ ఇక కౌంటర్లకో నమస్కారం పెట్టి, తిన్నగా గర్భగుడి ముందున్న ఇనుప కడ్డీ దగ్గరికి పరిగెత్తాడు. కడ్డీకి అవతల ముసలి అర్చకుడు. కళ్లజోడుకి దారం, మెడలో 'సేవాదాత-2' అన్న కార్డు.

"స్వామీ, ఒక్క పేరు చదవండి. మా అక్క ప్రాణం మీదికొచ్చింది."

"చదివేవాణ్ణే నాయనా. చీటీ లేకుండా పేరు పలికితే అనధికార ప్రార్థన. పోయినేడు ఓ చంటిదానికి జ్వరమంటే మనసాగక పలికాను. మెమో ఇచ్చారు."

"పాపకి తగ్గిందా?"

"తగ్గబట్టే దొరికిపోయాను. తల్లి వచ్చి అందరి ముందూ కాళ్లకి దండం పెట్టింది."

"దేవుడి పక్కనే ఉంటారు. మీకైనా ఓ కోరిక కోరుకునే వీలుందా?"

"డ్యూటీలో సొంత కోరికలు నిషిద్ధం. మోకాలి నొప్పికి అర్జీ పెట్టి మూడేళ్లయింది. పరిశీలనలో ఉందన్నారు."

పదీ యాభై రెండు. ఎంత మొండి లిఫ్టుకైనా, ఆగిపోతే చేత్తో తిప్పే చక్రం ఒకటి ఉంటుందని మెకానిక్‌కి తెలుసు.

"స్వామీ, మీకు విరామం ఇస్తారా?"

"పది నిమిషాలు. ఇవాళ ఇంకా వాడుకోలేదు."

"విరామంలో మీరు అర్చకులేనా?"

ముసలాయన ఆలోచించాడు. "విరామంలో నేనెవరో నిబంధనల్లో రాయలేదు."

కార్డు తీసి మేకుకి తగిలించాడు. కుంటుతూ, మూలుగుతూ కడ్డీ దాటి ఇవతలికొచ్చి, మామూలు మనిషిలా మెకానిక్ పక్కన నిలబడ్డాడు. మైకు లేదు, గంట లేదు. అక్క పేరు అడిగి మూడుసార్లు పలికాడు.

"నా మోకాలి సంగతి దేవుడికి నువ్వు చెప్పు నాయనా. నేను చెప్పుకుంటే బాగుండదు."

మెకానిక్ చెప్పాడు. గోడ మీది కెమెరా ఇద్దర్నీ చూసింది.

ఆపరేషన్ చక్కగా జరిగింది. మూడో రోజున ఆస్పత్రి మంచం పక్కన ఉండగా మెకానిక్ ఫోన్‌కి నోటీసొచ్చింది. అర్చకుడికి మెమో ఇచ్చారట. ఆధారం: ఆ రోజు నుంచి సదరు సేవాదాత కుంటకుండా నడుస్తున్నట్టు కెమెరాలో నమోదైంది. ఇక రెండో పేరా: "టోకెన్ లేకుండా పొందిన ఫలితాన్ని ఏడు పనిదినాల్లోగా మూడో కౌంటర్లో తిరిగి అప్పగించవలెను. ముందుగా యాప్‌లో సమయం తీసుకొనవలెను."

అక్క దిండుకి ఆనుకుని అతను చదివిందంతా విన్నది.

"యాప్ తెరిచి చూశావట్రా?"

"సర్వర్ పనిచెయ్యట్లేదక్కా. బాగుచేస్తున్నామని రాశారు."

"అయితే భయం లేదు," అని అక్క దుప్పటి కప్పుకుంది. "నిండు నూరేళ్లూ బతుకుతాను."