సందేహానికి పాతిక రూపాయలు

జ్ఞానం అమ్ముకునే సరుకు కాదని పెద్దలు ఎంత మొత్తుకున్నా, 2004 ఏప్రిల్ ఒకటిన సుచిత్ర చౌరస్తాలో, బేకరీ మీది రెండో అంతస్తులో దాని రేటు ఖరారైంది. ఆడిటర్ శ్రీనివాసరావు గారు తన ఖాతాదారులందరికీ సర్క్యులర్ పంపారు. వారి గుమస్తాలు వచ్చి అడిగే సందేహాలకు ఇకపై ఐదు నిమిషాలకు పాతిక రూపాయల చొప్పున 'సందేహ నివృత్తి రుసుము' వసూలు చేయబడును. నమస్కారం ఉచితం. జవాబు విన్నాక 'అయితే సార్' అంటే అది కొత్త సందేహం. 'అర్థం కాలేదు' అన్నా కొత్త సందేహమే. (అర్థమైందని అబద్ధం చెప్పడానికి రుసుము లేదు.)

మేడ్చల్‌లో గండయ్య పటేలు ప్లాట్ల ఆఫీసుకు లెక్కలు రాసే మల్లేశానికి ఈ సంగతి తెలియదు. సర్క్యులర్లు యజమానులకు వస్తాయి, సందేహాలు గుమస్తాలకు వస్తాయి. ఏడో తరగతితో బడి మానినవాడికి ఇంకొంచెం ఎక్కువ వస్తాయి.

అతని సందేహం న్యాయమైనదే. లాల్‌గడి మలక్‌పేట్ వెంచర్ ప్రారంభం దావతుకు పది మేకపోతులు తెచ్చారు. తొమ్మిదింటిని కోశారు. పదోది తాడు తెంపుకుని పారిపోయి, మూడో నాడు తనంతట తానే ఆఫీసుకు తిరిగొచ్చింది.

"కోసిన యాటల్ని ఖర్చుల రాసిన సార్. గిదేమో బతికున్నది. ఏడ రాయాలె?"

శ్రీనివాసరావు గారు గోడ గడియారం చూసి, రిజిస్టరు తెరిచి ఒక గీత గీశారు. "బతికుంటే ఆస్తి కిందికి వస్తుందయ్యా."

"అయితే సార్, రోజు ఆకు తింటాంది. గదేంది?"

"ఆస్తి నిర్వహణ ఖర్చు," అంటూ ఆయన రెండో గీత గీశారు.

"అయితే సార్, సర్పంచ్ సాబ్ తోల్కపోతనంటుండు. గప్పుడు?"

శ్రీనివాసరావు గారు పెన్ను పక్కన పెట్టి తలుపు వేయించారు. ఆ జవాబుకు పదిహేను నిమిషాలు పట్టింది.

నెలాఖరుకు ఇలాంటివన్నీ కలిపి ఆరు వందల యాభైకి బిల్లొచ్చింది. గండయ్య దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఏందిర మల్లేశం, లెక్కలొస్తయని జీతమిస్తున్ననా, నేర్సుకుంటవని ఇస్తున్ననా?"

"డౌటొచ్చింది పటేలా."

"డౌటు నీది, బిల్లు నాదా? గిది నీ జీతంలకెంచి పట్టుకుంట. ఇంకోపారి బిల్లొచ్చిందంటే నువ్వు రాకు."

పద్దెనిమిది వందల్లో ఆ నెల పదకొండు వందల యాభై ఇంటికి చేరింది. కిరాయి ఆరు వందలు. మిగతా ఏమైందని భార్య నర్సమ్మ అడిగింది.

"మేక సంగతి అడిగిన."

"పైసలిచ్చి అడుగుతరా ఎవలన్న? నన్నడిగితే సెప్పకపోదునా?"

ఆ నాటి నుంచి మల్లేశానికి సందేహం రాలేదు. అతను పుస్తకంలో కొత్త పద్దు తెరిచి 'ఇతరములు' అని పేరు పెట్టాడు. ముందు మేక తినే ఆకు అందులోకి వెళ్లింది. తర్వాత హద్దురాళ్లు, జేసీబీ కిరాయి, ప్లాట్లు కొన్నవాళ్ల అడ్వాన్సులు వెళ్లాయి. మార్చి నాటికి ఆఫీసులో ఇతరములు కానిది బోర్డు ఒక్కటే. ఈలోగా శ్రీనివాసరావు గారు ఆడిటర్ల సభలో మాట్లాడుతూ, తన పద్ధతి వల్ల గుమస్తాల అజ్ఞానం నూటికి నూరు శాతం అంతరించిందని ప్రకటించారు. సభవారు ఆయనకు శాలువా కప్పారు.

ఏడాది లెక్కల పుస్తకం ఏప్రిల్లో ఆయన బల్ల మీదికి చేరింది. ఇతరములను విడదీయడానికి ఇద్దరు అసిస్టెంట్లకూ ఆయనకూ పంతొమ్మిది రోజులు పట్టింది. దానికీ బిల్లు వేశారు. గండయ్య స్వయంగా సుచిత్రకు వచ్చాడు.

"మావోడు ఏమన్న అడిగిండా సార్?"

"అడగలేదండీ. అదేగా సమస్య."

"అడిగితే పైసలని మీరే రాసిన్రు. అడగకున్నా పైసలంటే గదేం రూలు సార్? ఇది మీ పని, మీరు జేసుకున్నరు."

ఇద్దరూ సర్క్యులర్‌ను పైనుంచి కిందిదాకా వెతికారు. అడగకపోవడానికి రేటు లేదు.

అద్దంలా తేలిన లెక్కలు చూసి గండయ్యకు గుమస్తా మీద గౌరవం పుట్టింది. మొదటి నెల తర్వాత ఏడాదంతా ఒక్క సందేహం బిల్లు తేలేదని జీతం రెండు వందలు పెంచి రెండు వేలు చేశాడు.

వారం తిరగకుండా శ్రీనివాసరావు గారు స్కూటరు మీద మేడ్చల్ వచ్చారు. రుసుము రద్దయింది.

"ఏవయ్యా మల్లేశం, ఏ సందేహమున్నా మొహమాటపడకుండా అడుగు. పైసా తీసుకోను."

మల్లేశం ఒక్కసారి పక్క కుర్చీలోని పటేలు వైపు చూశాడు.

"డౌట్లేం లేవు సార్. అన్నీ ఎరికే."

పద్దెనిమిది వందల జీతమప్పుడు అతనికి కొన్ని తెలిసేవి కావు.