తడి చెత్త శుద్ధి యూనిట్ నంబర్ 1

ఊట్లపాలెంలో ఇకపై ప్రతి ఇల్లూ రోజూ చెత్త ఇచ్చి తీరాలని, ఇవ్వని ఇంటిని రాష్ట్ర ప్రగతికి అడ్డుపడిన ఇల్లుగా గుర్తిస్తామని మండల ప్రత్యేకాధికారి వేణుగోపాల్ గారు ప్రకటించారు. పంచాయతీ ఆఫీసు ముందు సభ జరిగింది. మైకు పనిచేసింది. జనం చప్పట్లు కొట్టారు. సర్పంచి రాజేశ్వరి గారు సభకు అధ్యక్షత వహించారు. ఆమె తరఫున ఆమె భర్త అంకారావు గారు హాజరై, మాట్లాడి, దండ వేయించుకున్నారు.

వేణుగోపాల్ గారు పనిమంతులు. ఇంతకు ముందు పనిచేసిన మండలంలో నీళ్లు రాని ఊళ్లో కుళాయిల వారోత్సవం జరిపి జ్ఞాపిక అందుకున్నారు. ఆ జ్ఞాపిక ఆయన జీపులో అద్దం ముందు ఉంటుంది. సత్తెనపల్లి రోడ్డులో గుంతలున్నాయి కాబట్టి డ్రైవరు దాన్ని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో బండి నడుపుతాడు.

సభలోనే ఇంటికి రెండు బక్కెట్లు పంచారు. ఆకుపచ్చది తడి చెత్తకు, నీలం రంగుది పొడి చెత్తకు. ఊరి చివర కట్టిన షెడ్డుకు 'చెత్త నుంచి సంపద' అని బోర్డు పెట్టారు. పంచాయతీలో వీధులు ఊడ్చే యేసుపాదానికి గ్రీన్ అంబాసిడర్ అని పేరు పెట్టి మెడలో విజిల్ వేశారు. హోదా మారింది. చీపురు అదే.

మర్నాడు యేసుపాదం విజిల్ ఊదుతూ ఆటోతో ఊరంతా తిరిగాడు. తిరిగొచ్చాక వేణుగోపాల్ గారు ఆటోలోకి చూశారు. ఒక ఉల్లిపొర ఉంది.

"ఇదెవరిది?" అని అడిగారు.

"ఎవరిదీ కాదండి. గాలికొచ్చి పడింది."

వేణుగోపాల్ గారు కాసేపు ఆలోచించి, ఊరు చెత్తను దాస్తోందన్నారు. వెంటనే ఇంటింటి తనిఖీ మొదలైంది. పత్రిక తరఫున నేను వెంట ఉన్నాను. ఆకుపచ్చ బక్కెట్లు చాలావరకు చేలల్లో ఉన్నాయి. వాటిలో మిరపతోటకు కొట్టే మందు కలుపుతున్నారు. నీలం బక్కెట్లతో ఒక పెళ్లిలో సాంబారు వడ్డించారు.

చెత్త ఆచూకీ కూడా తెలిసింది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం అన్నీ పెరట్లో కుడితి తొట్టిలో పడుతున్నాయి. ఆ కుడితిని గేదె తాగుతోంది. పత్తికట్టె పొయ్యిలోకి పోతోంది. విరిగిన ప్లాస్టిక్కు, పాత ఇనుము గౌస్ బాషా మోపెడ్ మీద వచ్చి తీసుకుని, బదులుగా ఉల్లిపాయలు ఇచ్చి వెళుతున్నాడు. ఇంకొకరైతే ఈ ఊళ్లో చెత్త లేదని రాసి ఇంటికి వెళ్లేవారు. వేణుగోపాల్ గారు అలా వదిలేసే మనిషి కాదు. చెత్త దారి మళ్లుతోందని, ఊళ్లోని గేదెలన్నీ అనధికార తడి చెత్త సేకరణ కేంద్రాలుగా నడుస్తున్నాయని జిల్లాకు నివేదించారు.

గౌస్ బాషాను ఊళ్లోకి రావద్దన్నారు. గేదెలను అలా అనడానికి లేదు. అవి స్థానికులు. కాబట్టి తొట్లు స్వాధీనం చేసుకున్నారు. ఇక నుంచి కుడితి సామగ్రి అంతా ఆకుపచ్చ బక్కెట్లో పోసి ఆటోకు ఇవ్వాలన్నారు.

షెడ్డు పక్క ఇల్లు వెంకటేశ్వరమ్మది. ఆమెకు భర్త లేడు, పొలం లేదు. ఒక గేదె ఉంది. ఈ మధ్యనే ఈనింది. ఆ పాలు పోసి ఆమె బతుకుతోంది. తొట్టి పోయిన సాయంత్రమే ఆమె జీపుకు అడ్డంగా నిలబడింది.

"అయ్యా, మా బర్రె కుడితిలో మూతి పెడితేగానీ చేపదు. పొద్దుట్నుంచి చుక్క పాలు దిగలా."

"చేపడం మా శాఖ కాదమ్మా. పశువుల డాక్టరు గారిని కలువు."

"తొట్టి తీసకపోయింది మీరు గదయ్యా."

"తొట్టి కోసం కాదు. తొట్టిలో ఉన్న తడి చెత్త కోసం."

"చెత్త ఏందయ్యా? తౌడు కలిపాను అందులో."

"కలిపావా?" వేణుగోపాల్ గారు కళ్లజోడు తీశారు. "అది ఇంకా తప్పు. మేం వేరు చెయ్యమంటుంటే నువ్వు కలుపుతావా?"

ఆ తప్పుకు ఆమెను హెచ్చరించి వదిలేశారు.

షెడ్డులో ఒక చిన్న ఇబ్బంది ఉంది. దాన్నిండా అంకారావు గారి మిరపకాయల బస్తాలున్నాయి. కోల్డ్ స్టోరేజీల్లో చోటు లేదు, మార్కెట్లో రేటు లేదు. రేటు వచ్చేదాకా ప్రభుత్వ షెడ్డు ఖాళీగా ఉండటం దేనికని ఆయన అభిప్రాయం. అందువల్ల తొట్లు, వాటిలో పోసిన తడి చెత్త షెడ్డు బయట ఎండలో పెట్టారు. వారం తిరక్కుండా ఊట్లపాలేనికి ఈగలు వచ్చాయి. పక్క ఊరి పందులు కూడా వచ్చాయి. చిలకలూరిపేట మిల్లులకు వెళ్లే ఆడవాళ్లు బస్సు కోసం అక్కడే నిలబడతారు. వాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం చూసి, ప్రజల్లో అవగాహన పెరుగుతోందని వేణుగోపాల్ గారు నాతో అన్నారు. ఆయన కూడా ముక్కుకు రుమాలు కట్టుకుని కుప్ప ముందు ఫొటో దిగి యాప్‌లో పెట్టారు. ఊట్లపాలెంలో మొట్టమొదటిసారి చెత్త కనిపించిందని జిల్లా నుంచి అభినందనలు వచ్చాయి.

వెంకటేశ్వరమ్మ రోజూ వచ్చి జీపు దగ్గర నిలబడుతూనే ఉంది. గేదె అరుస్తూనే ఉంది. దూడకు చాలీచాలని పాలు దిగుతున్నాయి. పాలకేంద్రం వాళ్లు ఇంకో రెండు రోజులు చూసి ఆమె పేరు తీసేస్తామన్నారు.

అప్పుడు రాష్ట్ర బృందం వస్తోందని కబురు వచ్చింది. తడి చెత్త ఉంది. పొడి చెత్త లేదు. గౌస్ బాషాను పిలిపించారు. అతను కల్వర్టు అవతలే మోపెడ్ ఆపాడు.

"లోపలికి రావయ్యా."

"రావద్దన్నారు గదండీ."

"రావద్దంది నిన్ను. నీ సరుకును కాదు. ఈ ఊళ్లో ఎత్తుకెళ్లిందంతా ఒక్కరోజు తెచ్చి పెట్టు."

"తెస్తానండీ. ఉల్లిపాయలిప్పించండి."

"ప్రభుత్వాన్ని ఉల్లిపాయలు అడుగుతావా?"

"నేను వాళ్లకి ఉల్లిపాయలిచ్చే తీసుకున్నాను సార్. మా యాపారం అంతే."

పొడి చెత్త సమీకరణ కింద పంచాయతీ ఉల్లిపాయలు కొంది. గౌస్ బాషా సరుకు దింపాడు. దింపుతుంటే చూస్తున్న ఊరివాళ్లు తమ కుర్చీలను, తమ బిందెలను గుర్తుపట్టి పలకరించారు.

రాష్ట్ర బృందానికి డైరెక్టర్ బిందుమాధవి గారు నాయకత్వం వహించారు. కుప్పలు చూశారు, తల ఊపారు. తరువాత షెడ్డులోకి వెళ్లారు. పట్టా కప్పిన బస్తాల దగ్గర ఆగి అవేమిటని అడిగారు.

"ఎరువండి. చెత్త నుంచి తీసిందే. ఎండబెట్టి ప్యాకింగ్ చేశాం" అన్నారు అంకారావు గారు.

బిందుమాధవి గారు చెప్పింది నమ్మి వెళ్లిపోయే రకం కాదు. బస్తాలో చెయ్యి పెట్టారు. చితికి పొడైనది పిడికిట్లో నలిపారు. "ఎర్రగా ఉందే?" అన్నారు.

"మాది నల్ల నేల కదండీ. ఎరువు ఎర్రగానే వస్తుంది."

ఆమె వాసన చూశారు. తుమ్మారు. ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నారు.

ఊట్లపాలెం ప్రగతిని చూసి డైరెక్టర్ కంటతడి పెట్టారని మర్నాడు మా పత్రికలో వచ్చింది. అందులో అబద్ధం లేదు. ఆమె షెడ్డు బయటకు వచ్చి నేల మీద కూర్చున్నారు. వేణుగోపాల్ గారు నీళ్లన్నారు. నీళ్లు పోస్తే మంట ఇంకా ఎక్కువవుతుందని, పచ్చిపాలు పట్టాలని ఊరంతా ఒకేసారి అంది. ఇక్కడ కాయలు కోసే వాళ్ల కళ్లలో ఘాటు పడితే అదే వైద్యం. తక్కిన గేదెలు మేతకు పోయాయి. దూడ చిన్నది కావడంతో వెంకటేశ్వరమ్మ గేదె ఒక్కటే ఇంటి దగ్గర ఉంది.

"అమ్మా, తొందరగా పాలు పితుకు" అన్నారు వేణుగోపాల్ గారు.

"చేపదయ్యా."

"ఏం చేస్తే చేపుతుంది?"

"రోజూ చెబుతున్నా గదయ్యా మీకు."

గేదెను తొట్టి దగ్గరకు తోలుకురమ్మని వేణుగోపాల్ గారు స్వయంగా ఆదేశించారు. తొట్లో ఉన్నది పులిసిపోయింది. పులుపు మీద గేదెకు అభ్యంతరం లేదు. అది చెవుల దాకా తల ముంచింది. వెంకటేశ్వరమ్మ కింద కూర్చుంది. చెంబులో ధార పడిన చప్పుడు వినిపించింది. ఆమె ముఖం అంత తేటగా ఉండగా అంతకు ముందు నేను చూడలేదు.

పాలలో దూది ముంచి డైరెక్టర్ గారి కళ్లకు అద్దారు. కాసేపటికి ఆమె ఒక కన్ను తెరిచారు. ఎదురుగా 'తడి చెత్త' అని రాసిన తొట్టి, తొట్లో గేదె తల, వెనక చెంబులో పాలు, పైన 'చెత్త నుంచి సంపద' బోర్డు కనిపించాయి. రెండో కన్ను కూడా తెరిచారు.

"ఇది ఎంత కాలంగా నడుస్తోంది?" అన్నారు.

వేణుగోపాల్ గారు తడుముకోలేదు. "ప్రయోగ దశ పూర్తయింది మేడమ్."

"కరెంటు?"

"అక్కర్లేదు మేడమ్."

"లోపలికి వెళ్లిన చెత్తలో మిగిలేది?"

"అది కూడా ఎరువే మేడమ్. నల్లగా వస్తుంది."

బిందుమాధవి గారు లేచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. పాలు, కారం అంటిన చెయ్యి కావడంతో వేణుగోపాల్ గారు తన కళ్ల జోలికి పోలేదు.

అవార్డు ఊట్లపాలేనికే వచ్చింది. వెంకటేశ్వరమ్మ గేదె చెవికి ట్యాగు వేసి, దాన్ని జీవాధార తడి చెత్త శుద్ధి యూనిట్ నంబర్ 1గా నమోదు చేసి షెడ్డు దగ్గర గొలుసుతో కట్టారు. లోపల ఎరువు ఉంది కాబట్టి బయట ఎండలోనే కట్టారు. ఇలాంటి యూనిట్లు అన్ని పంచాయతీలకూ సరఫరా చేయడానికి టెండరు పిలిచారు. నాలుగు కాళ్లు ఉండాలి, రంగు నలుపు, వారంటీ ఏడాది. టెండరు అంకారావు గారి బావమరిదికి దక్కింది. తమ ఊళ్లో ముప్పై యూనిట్లు సొంతంగా ఉన్నాయని పక్క గ్రామం రాసిన లేఖను అధికారులు ట్యాగులు లేవని తిప్పి పంపారు.

సాయంత్రం వెంకటేశ్వరమ్మ పలుపు పట్టుకుని షెడ్డుకు వచ్చింది.

"తోలుకుపోతానయ్యా. బర్రె నాది."

"నీదేనమ్మా. ఎవరు కాదన్నారు? యూనిట్ మాత్రం ప్రభుత్వానిది."

"మరి పాలు?"

వేణుగోపాల్ గారు బోర్డు వైపు చెయ్యి చూపించారు. ఆమె బోర్డు చదివింది. ఆమెకు చదువు వచ్చు.

"మరి దూడో?"

"దూడ రెండో దశలో వస్తుంది."

ఆమె పలుపు చుట్టి చంకలో పెట్టుకుని వెళ్లింది. వెళ్లేటప్పుడు గేదె అరిచింది. దాన్ని కొత్త వాతావరణానికి అలవాటు పడటం అంటారని వేణుగోపాల్ గారు వివరించారు.

తరువాత నేను ఊట్లపాలెం వెళ్లింది, చెత్త సేకరణ నూరు శాతం కావడానికి ఒక్క ఇల్లే తక్కువగా ఉందని వేణుగోపాల్ గారు ఫోన్ చేస్తే. ఆ ఇల్లు ఆ రోజు పూర్తవుతుందన్నారు. యేసుపాదం విజిల్ ఊదాడు. వెంకటేశ్వరమ్మ నీలం బక్కెట్ పట్టుకుని బయటకు వచ్చింది. అందులో ఖాళీ పాలకవరు ఒకటి ఉంది. పంచాయతీ కొత్తగా అమ్ముతున్న 'సంపద' పాలు. కవరు మీద గేదె బొమ్మ అచ్చు వేశారు. చెవికి ట్యాగు కూడా కనిపిస్తోంది.

వేణుగోపాల్ గారు కవరును రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, వెంకటేశ్వరమ్మను పక్కన నిలబెట్టి ఫొటో దిగారు. యాప్‌లో నూరు శాతం వచ్చింది. అంకారావు గారు చప్పట్లు మొదలుపెట్టారు.

"ఫొటో అయిందా అయ్యా?" అంది వెంకటేశ్వరమ్మ.

"అయిందమ్మా."

"అయితే ఆ కవరు ఇటివ్వండి. దాని మీద మా బర్రె ఉంది."

"అది చెత్తమ్మా" అని ఆమెకు నచ్చజెప్పి, వేణుగోపాల్ గారు కవరును ఆటోలో వేశారు. యేసుపాదం విజిల్ ఊదాడు.