కదలని అత్త

ఆ పొద్దున ముద్దుకృష్ణ పెట్టుకున్నది ఒకటే పని, అత్తగారిని ఫోటో తీయడం. మదనపల్లెలో ప్రతివాడి జేబులోకీ కెమెరా వచ్చాక ఆయన స్టూడియోలో ఈగలు తోలుకుంటున్నాడు. అందుకే నూటయాభై ఏళ్ల కిందటి పద్ధతి పట్టుకున్నాడు: చెక్క కెమెరా, గాజు పలక, ఉత్తరపు కిటికీ వెలుతురు. పలకలన్నీ పాడైపోయి ఇప్పుడు ఒక్కటే మిగిలింది.

"ఇది గూడా బాగా రాకుంటే రేపట్నుంచి ఈడ జిరాక్సు మిషనే" అని భార్య హేమలత తేల్చేసింది.

రామసముద్రం నుంచి వచ్చిన అత్త సిద్దమ్మను కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు. ముఖం వెలుతురు పట్టాలని పౌడరు దట్టించాడు. నీడ పడ్డ చెంప తేలాలని అటువైపు తెల్ల పంచె కట్టాడు. తల కదలకుండా వెనక నుంచి ఇనుప కొక్కెం బిగించాడు.

"నిమిషంసేపు కెమెరా మూత తీసి పెడ్తానత్తా. కదలనోళ్లే తేటగా వస్తారు. కదిలితే దయ్యం మాదిరి పొగగా వస్తారు."

"నేను యాల దయ్యమైతానప్పా? రెప్ప గూడా కొట్టను, సూడు" అంది సిద్దమ్మ. అనడమే కాదు, అప్పుడే మొదలుపెట్టేసింది.

సరిగ్గా అప్పుడే మబ్బు పట్టింది. ముద్దుకృష్ణ ఫోను ఆపేసి, నల్లగుడ్డలో తల దూర్చి వెలుతురు కోసం కాచుకున్నాడు.

ఎవరైనా పోతే కుర్చీలో కూర్చోబెట్టి, తల వాలకుండా కట్టి ఆఖరి ఫోటో తీయించడం రామసముద్రం వైపు పల్లెల్లో ఆనవాయితీ. పూలమ్ముకునే నారాయణమ్మది సిద్దమ్మ ఊరే. అటుగా వెళ్తూ తొంగిచూసి గుండె పట్టుకుంది.

"అయ్యో, సిద్దమ్మక్కకు ఏమైందప్పా?"

"ఉష్! ఇంగ ఆమె కదలదులే. వెలుతురు ఉండంగానే పని కానిచ్చెయ్యల్ల" అన్నాడు ముద్దుకృష్ణ ముసుగులోంచే.

నారాయణమ్మ ఒక దండ సిద్దమ్మ కాళ్ల దగ్గర పెట్టి, కళ్లొత్తుకుంటూ బయటికి పోయి ఫోను తీసింది. దండ పడ్డాక చిత్రానికి నిండుదనం వచ్చిందని ముద్దుకృష్ణ సంబరపడ్డాడు.

పుంగనూరులో సిద్దమ్మ కొడుకు సుధాకర్ డప్పులవాళ్లను వ్యానెక్కించాడు. కుప్పంలో ఆమె వియ్యంకులు శవం మీద కప్పడానికి చీర కొని బస్సెక్కారు. పక్క ఊరికి పోయిన హేమలత చెప్పులు కూడా వేసుకోకుండా స్టూడియోకు పరుగెత్తింది.

ఎంతసేపటికో మబ్బు తొలగింది. సిద్దమ్మ చెంప మీద వెలుతురు వెన్న రాసినట్టు పరుచుకుంది. ముద్దుకృష్ణ మూత తీశాడు, వీధిలో డప్పు మోగింది, జనం బిలబిలా లోపలికి పడ్డారు. హేమలత కుర్చీ వెనక గుండెలు బాదుకుంటోంది. మూత వేస్తే స్టూడియో పోతుంది, వేయకపోతే మానం పోతుంది. ముద్దుకృష్ణ స్టూడియోవైపే మొగ్గాడు.

సుధాకర్ తల్లి కాళ్ల మీద పడ్డాడు. "అమ్మా, నన్ను మన్నించమ్మా! నీ పొట్టేలును చిరుత ఎత్తుకపోలేదు. నేనే కోసుకుని తిన్నా!"

పొట్టేలంటే సిద్దమ్మకు ప్రాణం. అయినా ఆ మహాతల్లి రెప్ప వేయలేదు. ముద్దుకృష్ణ మూత వేశాడు.

"అయిపోయిందా అల్లుడా?" అంది సిద్దమ్మ.

డప్పు ఆగిపోయింది. సుధాకర్ అందరికంటే ముందు వీధిలో పడ్డాడు, వెనకే కొక్కెం పట్టుకుని సిద్దమ్మ.

సాయంత్రం దిగిన కుప్పం వియ్యంకులు చీర దాచుకోబోతే, "తెచ్చింది తెచ్చినారు, ఇటియ్యండి" అని సిద్దమ్మ లాక్కుని మరీ కట్టుకుంది. తర్వాత ఫోటో అందుకుని చూసింది. అందులో ఆమె ఒక్కతే ముడతలతో సహా తేటగా ఉంది. చుట్టూ హేమలత, సుధాకర్, డప్పులవాళ్లు పొగలు పొగలుగా తేలుతున్నారు.

"సచ్చినోళ్లంతా వచ్చి బతికినదాని కోసం ఏడస్తాండారే!" అని పడీపడీ నవ్వింది. హేమలత జిరాక్సు ఊసెత్తలేదు.

ఇప్పుడు స్టూడియో ముందు జనం బారులు తీరుతున్నారు. కొక్కెం బిగించే ముందు ముద్దుకృష్ణ అడిగేది ఒకటే మాట: "ఇంట్లో చెప్పే వచ్చినారా?"