తొలి మంట

ఆ పొద్దు సక్కుబాయి అనుకున్నది ఒక్కటే: బాలింతరాలైన కూతురు చంద్రమ్మకు ఒంటినిండా వేడినీళ్లు పోయాలని. 1949 చలికాలం. హఫీజ్‌పేటలో మంచు ఇంకా విడవలేదు. కుండలో కాచిన నీళ్లు ఏ మూలకూ చాలడం లేదని సక్కుబాయి పోరగా పోరగా, భర్త రాజయ్య పట్నం వెళ్లి పాత రాగి బాయిలరు ఒకటి కొనుక్కొచ్చాడు. నడుమ గొట్టంలో బొగ్గులు, చుట్టూ నీళ్లు, కింద నల్లా. రాజయ్య మూసాపేట బియ్యం మిల్లులో బాయిలరుకు మంట పెట్టే మనిషి.

సక్కుబాయి బావినీళ్లు తోడి నింపి, పొయ్యిలోంచి నిప్పు తెచ్చింది.

"ఆగు! తొలి మంట పెద్దమనిషి పెట్టాలె," అన్నాడు రాజయ్య. "మా మిల్లుల సేటు కొబ్బరికాయ కొట్టి పెడ్తడు."

"అది మిల్లుదయ్యా. ఇది తానం నీళ్లది."

"ఏదైతేంది? నీకు తెల్వదు, ఊకో."

వెళ్లి ఊరి పటేలు వెంకటనారాయణను పిలుచుకొచ్చాడు. పటేలు కొబ్బరికాయ కొట్టి, నిప్పు వేసి, నీళ్లు కాగేదాకా అరుగు మీదే కూర్చున్నాడు. కాగాక కూడా లేవలేదు.

"మంట పెట్టినోడే తొలి నీళ్లు పోసుకోవాల్నా, రాజిగా? మీ మిల్లుల రివాజేంది?" అంటూ అంగీ విప్పాడు.

సేటు ఏనాడూ మిల్లులో స్నానం చేయలేదు. అది తెలిసీ రాజయ్య నల్లా కింద బిందె పెట్టాడు.

"మీరే పోసుకోవాలె పటేలా!"

పటేలు స్నానం చూసి ఆయన తమ్ముడు బాలనర్సయ్యకు నడుంనొప్పి గుర్తొచ్చింది. తమ్ముడి వెనుక వియ్యంకుడు వచ్చాడు. సక్కుబాయి తోడుతూనే ఉంది.

"ఇగ చాలు. లోపల పిల్ల వణుకుతున్నది."

"జర ఆగవే! పెద్దోళ్లను నడుమల లేపుతరా?"

బొగ్గులు అయిపోయాక పటేలు తల తుడుచుకుంటూ మెచ్చుకున్నాడు. "మస్తుందిరా. గిది మా ఇంట్ల ఉండాలె. మీకు కావాల్నంటే వచ్చి ఓ బిందె పట్టుకపోండ్రి."

బాయిలరు ఇంకా వేడిగా ఉందని గోనెసంచి చుట్టి, రాజయ్యే తల మీద పటేలింటికి మోసుకెళ్లాడు.

చంద్రమ్మ లోపలినుంచి అడిగింది: "అమ్మా, నీళ్లు కాగినయా?"

సక్కుబాయి పొయ్యి మీద మళ్లీ కుండ పెడుతుండగానే పటేలు ఇంట్లో పనిచేసే పోచమ్మ వాకిట్లోకి వచ్చింది. "వదినా, గా బాయిలరు పని నాకు రాదు. రేపటి సంది పొద్దుగాల నువ్వే వచ్చి నింపాల్నంట. పటేలు చెప్పమన్నడు."

అప్పుడే తిరిగొచ్చిన రాజయ్య ముఖం వెలిగింది. "చూసినవా, పటేలింట్ల మనకెంత ఇజ్జతో!"

మరునాటి నుంచి ఆ ఇజ్జతును సక్కుబాయి కడవలతో మోసింది.